తలుపు కొడితే కార్డులు తీసిచ్చే అలవాటు ఎట్లొచ్చింది?

కడప జిల్లా పల్లెల్లో "సర్వేకొచ్చినాం" అని వాకిట్లో నిలబడితే, ఎవరు, ఏ ఆఫీసు అని అడిగేవాళ్లు తక్కువ. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు కలిపి చుట్టిపెట్టిన ప్లాస్టిక్ కవరు నేరుగా చేతిలో పెడతారు. "అవ్వా, సెల్లుకు ఆరంకెలు వచ్చింటాయి, చెప్పు" అంటే చదివించి చెప్తారు. సర్వే పేరుతో వచ్చే మోసగాళ్లకు ఇదే అవకాశం. దీన్ని అమాయకత్వం అనేయడం తేలిక. నన్నడిగితే ఇది ప్రభుత్వాలు నేర్పిన అలవాటే.

సీమకు సర్వేలు కొత్త కాదు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాక కలెక్టరు థామస్ మన్రో హయాంలో భూములు కొలిపించి శిస్తు కట్టారు. (ఆయన మీద అభిమానంతో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నది కూడా ఈ జనమే.) 1881 నుంచి 2011 దాకా పదేళ్లకోసారి జనగణన జరుగుతూ వచ్చింది. అందులో చెప్పిన వివరాలు ఎవరికీ చూపకూడదని 1948 చట్టంలోని 15వ సెక్షన్ చెప్తోంది.

అసలు మలుపు 2016లో, రాష్ట్ర ప్రభుత్వం చేయించిన ప్రజా సాధికార సర్వేతో వచ్చింది. ట్యాబ్ పట్టుకొచ్చి ఇంటిల్లిపాది వివరాలు రాసుకుని, ఈకేవైసీకి, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూసుకోవడానికి, వేలిముద్ర వేయించుకున్నారు. 2019 ఆగస్టు 15 నుంచి 50 ఇళ్లకు ఒక వాలంటీరు. 2020 ఫిబ్రవరి నుంచి పింఛను ఇంటి దగ్గరికే. కరెంటు యూనిట్లు, పొలం, కారు అన్నీ పథకాల అర్హత లెక్కలోకొచ్చి, వివరాల్లో తేడా ఉంటే పథకం ఆగిపోతుందన్న భయం పట్టుకుంది. మోసగాడి మొదటి మాట కూడా అదే: "ఇప్పుడు రాయించుకోకపోతే పేరు తీసేస్తారు."

వాలంటీరు ఆ వీధి పిల్లే కాబట్టి అప్పట్లో అనుమానానికి చోటు లేదు. 2024లో ఆ వ్యవస్థ ఆగి, సచివాలయం సిబ్బంది వస్తున్నారు. అంటే గడపలోకొచ్చే ముఖాలు మారాయి, కవరు తీసిచ్చే పద్ధతి మారలేదు.

ఓటీపీ చెప్పొద్దని అందరూ అంటున్నారు గానీ, ముసలివాళ్లకు అసలు ముప్పు వేలిముద్ర దగ్గరుంది. ఆధార్ చెల్లింపుల్లో ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ లేకుండానే డబ్బు తీయొచ్చు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని ముద్రలకు నకళ్లు చేసి ఖాతాలు ఊడ్చిన ముఠాలు పట్టుబడ్డాయి కూడా. ఆధార్‌లో వేలిముద్ర పనిచేయకుండా బయోమెట్రిక్ లాక్ చేసుకోండి అంటే, 1వ తేదీన పింఛనుకు, ఆ తర్వాత రేషనుకు వేలు పెట్టాలి, ప్రతిసారీ లాక్ తీయాలి. మనవడు బెంగళూరులో ఉంటే ఆ పని అవ్వకు ఎవరు చేసిపెడతారు?

ఇప్పుడు జనగణన వచ్చింది. 2026 ఏప్రిల్, సెప్టెంబరు మధ్య ఇళ్ల లెక్క, 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క. లెక్క రాసుకోడానికొచ్చే నిజమైన ఎన్యూమరేటరు కూడా ఫోను నంబరు అడుగుతాడు, చిక్కంతా ఇక్కడే. కానీ బ్యాంకు ఖాతా, ఓటీపీ, వేలిముద్ర అడగడు. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, ఆ డబ్బును మోసగాడి ఖాతాలోనే ఆపే వీలుంటుంది. అంతకన్నా ముందు, ఏ వీధికి ఎవరు ఏ రోజు వస్తారో సచివాలయం వాళ్లు గోడకు అంటించి, ఊళ్లో దండోరా వేయిస్తే సగం పని అయిపోతుంది.