ప్రపోజల్స్ గొడవకి మూలం 2016-17లో ఉంది

బెంగళూరులో ప్రైవేట్ యూనివర్సిటీల్లో పనిచేసే మన తెలుగు ఫ్యాకల్టీ మధ్య ఈ వారం అంతా ఒకటే టాపిక్. ఒక యూనివర్సిటీ ప్రతి అసిస్టెంట్ ప్రొఫెసర్ ఏడాదికి రెండు రీసెర్చ్ ప్రపోజల్స్ (బయటి సంస్థల గ్రాంట్ కోసం పెట్టే ప్రాజెక్ట్ దరఖాస్తులు) పంపాల్సిందే అని సర్క్యులర్ ఇచ్చింది, పంపకపోతే ఇంక్రిమెంట్ ఆపుతారట. దాంతోపాటు గ్రాంట్ సపోర్ట్ సెల్ అని ఒకటి పెట్టింది. మేనేజ్‌మెంట్ వాళ్ళేమో వర్క్‌షాపులు పెడుతున్నాం, డ్రాఫ్టులు చూడ్డానికి కన్సల్టెంట్‌ని తెచ్చాం, ఇంకేం కావాలి అంటున్నారు.

రీసెర్చ్‌కి డబ్బిచ్చే డీఎస్‌టీ (కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ), యూజీసీల పాత చరిత్ర జోలికి పోను. నా లెక్కలో అసలు మలుపు 2016-17లో వచ్చింది. 2016 ఏప్రిల్‌లో కేంద్రం కాలేజీలకి, యూనివర్సిటీలకి ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ మొదటి ర్యాంకులు వచ్చాయి, అందులో స్పాన్సర్డ్ ప్రాజెక్టుల (బయటి సంస్థలు నిధులిచ్చేవి) డబ్బుకి కూడా మార్కులున్నాయి. అప్పటిదాకా ప్రాజెక్ట్ అంటే ఆ మేడమో ఆ సారో సొంతంగా చేసుకునే పని, ఆ తర్వాత అది యూనివర్సిటీకి కావాల్సిన అంకె అయిపోయింది. సరిగ్గా ఏడాదికి, 2017 మార్చితో 12వ పంచవర్ష ప్రణాళిక ముగిసింది, దాంతో టీచర్లు ఏళ్ళ తరబడి అప్లై చేసుకున్న యూజీసీ మైనర్, మేజర్ ప్రాజెక్టులు కూడా ఆగిపోయాయి.

మైనర్ ప్రాజెక్ట్ అంటే పెద్ద డబ్బేం కాదు, కెమికల్స్‌కి, ఫీల్డ్ ట్రిప్పులకి, చిన్న ఎక్విప్‌మెంట్‌కి సరిపోయే మొత్తం. కానీ బడ్జెట్ ఎలా వేయాలి, కొటేషన్లు ఎలా తీసుకోవాలి, చివర్లో ఖర్చుల లెక్క చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఎలా పంపాలి అనేది మనవాళ్ళు అక్కడే నేర్చుకున్నారు, ఆ రికార్డు చూపించే తర్వాత డీఎస్‌టీకి వెళ్ళేవాళ్ళు. గ్రాంట్ తెమ్మని అడగడం మొదలైన టైమ్‌లోనే ఆ మొదటి మెట్టు పోయింది, ఇప్పటి గొడవంతా ఇక్కడే ఉంది.

ఆ తర్వాత పోటీ ఐఐఎస్‌సీ, ఐఐటీ వాళ్ళతోనే. డీఎస్‌టీ కింద గ్రాంట్లిచ్చిన ఎస్‌ఈఆర్‌బీ అనే బోర్డు నిధుల్లో దాదాపు 65 శాతం ఐఐటీలకే వెళ్ళాయని, స్టేట్ యూనివర్సిటీలకి 11 శాతమే అందాయని, దాని స్థానంలో ఏఎన్‌ఆర్‌ఎఫ్ (జాతీయ రీసెర్చ్ ఫౌండేషన్) చట్టం తెచ్చేటప్పుడు కేంద్రమే ఒప్పుకుంది. 2024 ఫిబ్రవరిలో ఏఎన్‌ఆర్‌ఎఫ్ అమల్లోకి వచ్చి పెద్ద సంస్థ చేయి పట్టుకుని చిన్న సంస్థని నడిపించే పెయిర్ స్కీమ్ పెట్టింది, మంచిదే, కానీ అది ప్రభుత్వ సంస్థలకి ఉద్దేశించింది, మన ప్రైవేట్ వాళ్ళకి అందులో చోటు లేదు.

ఇక సపోర్ట్ సంగతి. ఇదే ఊళ్ళో జీకేవీకే క్యాంపస్‌లో ఉన్న ఎన్‌సీబీఎస్ అనే బయాలజీ పరిశోధన సంస్థలో రీసెర్చ్ డెవలప్‌మెంట్ ఆఫీసే విడిగా ఉంది, గ్రాంట్ల పనిలో సైంటిస్టులకి సాయం చేయడమే దాని పని. మన ప్రైవేట్ యూనివర్సిటీల్లో ఆ పనంతా టీచర్ నెత్తినే, అదీ క్లాసులయ్యాక. యూజీసీ రూల్ ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల టీచింగ్, దానిమీద ల్యాబ్ రికార్డులు, న్యాక్ గుర్తింపు ఫైళ్ళు, అడ్మిషన్ల డ్యూటీ. అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ కెమిస్ట్రీ చెప్తున్న ఒకాయన టీచర్ల రీసెర్చ్ కోసం ఉన్న టేర్ స్కీమ్‌కి అప్లై చేద్దామనుకున్నారు, పెద్ద ల్యాబులో ఏడాదికి 90 రోజులు పనిచేసే అవకాశం అది, కాలేజీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) రాలేదు, అంతే, ఆగిపోయింది. ఇలాంటి స్కీమ్‌కి ఒక సంతకం పెట్టడం పది వర్క్‌షాపుల కంటే పెద్ద సపోర్ట్ అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకోటి, 2018 యూజీసీ రెగ్యులేషన్స్‌లో ప్రమోషన్ పాయింట్లు నడుస్తున్న ప్రాజెక్టుకి, పూర్తయిన ప్రాజెక్టుకి మాత్రమే ఉన్నాయి, పంపిన ప్రపోజల్‌కి ఏమీ లేదు. అంటే నెలలు కూర్చుని రాసి రిజెక్ట్ అయితే ప్రమోషన్‌కి లెక్కలోకి రాదు, రాయకపోతే మాత్రం ఈ సర్క్యులర్ ప్రకారం ఇంక్రిమెంట్ పోతుంది.

ఫ్యాకల్టీ అడుగుతున్నవి మూడే: ప్రపోజల్ రాసే సెమిస్టర్‌లో వారానికి నాలుగు గంటల టీచింగ్ తగ్గించండి, ప్రపోజల్‌లో చూపించే పైలట్ డేటా (తొలి ఫలితాలు) కోసం రెండు మూడు లక్షల సీడ్ మనీ ఇవ్వండి, ఎన్‌ఓసీలు ఆపకండి. వచ్చే సెమిస్టర్ టైమ్‌టేబుల్ ఇంకా ఫైనల్ కాలేదు, మొదటి డిమాండ్‌కి జవాబు అందులోనే తెలిసిపోతుంది.