84 రోజులా, 72 రోజులా: ప్రసూతి వేతనం లెక్క వెనుక కథ

1967 డిసెంబరులో కోయంబత్తూరు వైపు ఓ తోటలో పనిచేసే కూలీకి కాన్పయింది. అప్పటి చట్టం ప్రకారం 12 వారాల వేతనం రావాలి. ఆదివారం కూలి లేని రోజే కదా అంటూ యాజమాన్యం 12 రోజులు తీసేసి 72 రోజులకే ఇచ్చింది. ఆమె 84 రోజులకు అడిగింది. లేబర్ కోర్టులో మొదలైన ఆ తగాదా 1977లో సుప్రీంకోర్టులో గానీ తేలలేదు. వారమంటే ఆదివారంతో కలిపి ఏడు రోజులేనని కోర్టు చెప్పింది.

2017 ఏప్రిల్ నుంచి సెలవు 26 వారాలైంది (అప్పటికే ఇద్దరు పిల్లలున్నవారికి 12 వారాలే). రోజుకూలి 600 అనుకుంటే 182 రోజులకు 1,09,200 రూపాయలు. ఆదివారాలు కొట్టేస్తే 93,600. పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఆ 15,600 తేడా చిన్నది కాదు. డబ్బు చేతికి రాగానే ముందు ఈ గుణకారం చేసుకోవాలి. రోజు వేతనమంటే సెలవుకు ముందు మూడు నెలల్లో పనిచేసిన రోజుల సగటు.

అసలు పేచీ ఎవరు కట్టాలన్నది. 1929 బొంబాయి ప్రసూతి చట్టం, కోస్తా, రాయలసీమలకూ వర్తించిన 1934 మద్రాసు చట్టం భారమంతా యజమాని మీదే పెట్టాయి. గర్భం తెలియగానే పనిలోంచి తీసేస్తే ఆ ఖర్చు తప్పుతుంది! అందుకే అందరి చందాతో నిధి ఉండాలన్న ఆలోచన బలపడింది. 1944లో కార్మికుల ఆరోగ్య బీమాపై అదార్కర్ నివేదిక, 1948లో ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) చట్టం, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో ఆ పథకం ప్రారంభం. ఈఎస్‌ఐ పరిధిలోకి రానివారికి 1961 ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చింది. అక్కడ చెల్లించేది యజమానే. గడిచిన 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలి. 2025 నవంబరు 21న ఈ చట్టాల స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చాకా 26 వారాలు అలాగే ఉన్నాయి.

ఈఎస్‌ఐలో మోసం ఎక్కువగా హాజరు లెక్కలోనే జరుగుతుంది. జబ్బు సెలవుకు రోజు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకూ వస్తుంది. కానీ ఏప్రిల్–సెప్టెంబరు మధ్య 78 రోజులకు చందా పడితేనే మరుసటి జనవరి–జూన్‌లో హక్కు. 90 రోజులు పనిచేసినా యజమాని 75 చూపితే ఆ ఆరు నెలలూ జ్వరమొచ్చినా పైసా రాదు. ప్రసూతికైతే గడిచిన రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) కలిపి 70 రోజులు చాలు, వేతనం పూర్తిగా వస్తుంది. జీతంలోంచి 0.75 శాతం కోశారా అని చూస్తే సరిపోదు. తన బీమా నంబరు కింద ఎన్ని రోజులు నమోదయ్యాయో కార్మికుడు నెలనెలా పోర్టల్‌లో చూసుకోవాలి. తేడా ఉంటే పే స్లిప్పులు, హాజరు కార్డు నకళ్లతో ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకు రాసివ్వాలి. యజమాని చందా ఎగ్గొట్టినందువల్ల హక్కు పోతే, ఈఎస్‌ఐ కార్పొరేషనే ఆ డబ్బు కార్మికుడికి చెల్లించి యజమాని దగ్గర వసూలు చేసుకునే వీలు 1948 చట్టంలోనే పెట్టారు.