బేసును మింగే గది

ఇంట్లోనే పాటలు మిక్స్ చేసుకునేవారిలో, అంటే విడిగా రికార్డు చేసిన గొంతునూ వాద్యాలనూ సరిపాళ్లలో కలిపేవారిలో, చాలామంది, గదిలో వింటున్నప్పుడు బేసు గిటారు చాలడం లేదని దాన్ని పెంచుతారు. తీరా అదే పాటను కారులో వేస్తే తలుపులు అదురుతాయి. తప్పు స్పీకర్లదనో చెవిదనో అనుకుంటాం గానీ, చాలాసార్లు అది గది చేసిన పని.

గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 344 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య దూరానికి రెట్టింపు తరంగదైర్ఘ్యం గల శబ్దం గదిలో పుడితే, వెళ్లే అల, తిరిగొచ్చే అల కలిసి ఒకేచోట నిలిచి ఊగే స్థిర తరంగం అవుతుంది. మన ఇళ్లలో మామూలుగా కనిపించే 10 అడుగులకు 12 అడుగుల పడకగదికి, శబ్దవేగాన్ని ఆ తరంగదైర్ఘ్యంతో భాగించి లెక్క వేస్తే పొడవు దిశలో 47 హెర్ట్జ్ (సెకనుకు 47 కంపనాలు), వెడల్పు దిశలో 56 హెర్ట్జ్ వస్తాయి. సరిగ్గా బేసు గిటారు మంద్రంగా పలికే చోటే. ఈ తరంగాల పీడనం గోడల దగ్గర అత్యధికంగానూ, గది నట్టనడుమ దాదాపు శూన్యంగానూ ఉంటుంది. కాబట్టి కుర్చీని నడుమ వేసుకున్నవారికి ఆ స్వరాలు వినబడవు, గోడకు ఆనుకుని కూర్చున్నవారికి అవే హోరెత్తుతాయి. స్లాబు ఎత్తు కూడా 10 అడుగులే అయితే ఎత్తు, వెడల్పు రెండు దిశల స్థిర తరంగాలూ 56 హెర్ట్జ్ దగ్గరే పడి చిక్కు ముదురుతుంది.

దీనికి ఎక్కువమంది వాడే మందు గోడకు అంటించే రెండంగుళాల ఫోం. గాలి కదలికను రాపిడితో వేడిగా మార్చడమే ఫోం చేసే పని. ఆ కదలిక గోడ దగ్గర ఉండదు, పావు తరంగదైర్ఘ్యం దూరాన అత్యధికమవుతుంది. 56 హెర్ట్జ్‌కు ఆ దూరం అయిదడుగులు! అందుకే పలుచని ఫోం తారస్థాయి శబ్దాలను మాత్రమే తినేసి, మంద్రాన్ని ముట్టుకోకుండా వదిలేస్తుంది. గది మునుపటికంటే మొద్దుగా వినిపిస్తుంది. ఫోంకు బదులు కొందరు గోడకు అంటించే గుడ్ల అట్టల సంగతి చెప్పనే అక్కర్లేదు.

గాత్రం రికార్డింగులో ఇబ్బంది వేరు. టైల్సు, సిమెంటు గోడలు శబ్దాన్ని పీల్చుకోవు గనుక ప్రతినాదం, అంటే గోడలకు తగిలి తిరిగొచ్చే మోత, మైకులోకి చేరి, తరువాత విడదీయడం కష్టమవుతుంది. 1895లో హార్వర్డ్‌లోని ఒక ఉపన్యాస మందిరంలో మాట ఆగాక కూడా శబ్దం అయిదు సెకన్లకు పైగా మోగుతుంటే, భౌతికశాస్త్రవేత్త వాలెస్ సబీన్ పక్క థియేటరు కుర్చీల మెత్తలు తెచ్చి పరిచి, ప్రతినాదం ఎంత తగ్గుతుందో కొలిచాడు. మనకైతే గోడకు నిలబెట్టిన దూది పరుపు, మందపాటి బొంతలు, తలుపులు తెరిచిన బట్టల బీరువా చాలావరకు ఆ పని చేస్తాయి.

బేసుకు మాత్రం మూలల్లో మందమైన రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన నార) పలకలు, వీలైతే వాటి వెనుక ఖాళీ ఉండాలి. ఆ ఖర్చుకంటే ముందు కుర్చీ జరపడం మేలు: 12 అడుగుల గదిలో ముందు గోడనుంచి నాలుగున్నర అడుగుల దగ్గర మొదలుపెట్టవచ్చు. అంత మంద్రం పలకగల స్పీకరును గోడ దగ్గర పెట్టి, 47 హెర్ట్జ్ స్వరం మోగిస్తూ పొడవునా నడవండి. గది నడుమకు రాగానే స్వరం సన్నగిల్లి, ఎదుటి గోడ దగ్గరపడేకొద్దీ మళ్లీ లేస్తుంది.