స్వాంప్ యాష్ ఎందుకింత కరువైంది?

బేస్ గిటార్ ఆర్డర్ ఇచ్చి చేయించుకోవాలనుకునేవాళ్లలో చాలామంది నోట ముందొచ్చే చెక్క పేరు స్వాంప్ యాష్. ధర విన్నాక గానీ తెలియదు, ఆ చెక్క ఇప్పుడెంత అరుదైపోయిందో.

1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో గిటార్ల తయారీదారు లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ అనే మోడల్ తెచ్చినప్పుడు బాడీకి వాడింది యాషే. 1956 వచ్చేసరికి ఎక్కువ మోడళ్లు ఆల్డర్ అనే మరో చెక్కకి మారాయి. యాష్ నిండా సన్నటి రంధ్రాలు, వాటిని పూడ్చి నున్నగా రుద్దితే తప్ప రంగు సరిగ్గా కూర్చోదు, ఆల్డర్‌తో ఆ చాకిరీ తక్కువ. చెక్క చారలు పైకి కనిపించే లేత బ్లాండ్ రంగుకి మాత్రం యాష్‌నే ఉంచారు. మళ్లీ 70ల్లో చెక్క సహజ రంగు కనిపించే నేచురల్ ఫినిష్ మోజు వచ్చింది, బేసిస్ట్ మార్కస్ మిల్లర్ చేతిలోని 1977 ఫెండర్ జాజ్ బేస్ యాష్‌దే, ఆ స్లాప్ (బొటనవేలితో తీగల్ని కొట్టి వాయించడం) విన్నవాళ్లందరికీ అదే కావాలి. అయితే 70ల నాటి యాష్ బాడీలు చాలావరకు బరువైనవి, స్వాంప్ యాష్ కాదు, ఈ సంగతి చాలామంది మర్చిపోతారు.

స్వాంప్ యాష్ అంటే ఒక జాతి పేరు కాదు. అమెరికాలో మిసిసిపీ నది దిగువన, ఏడాదిలో చాలాకాలం మొదళ్లు నీళ్లలో నానే యాష్ చెట్ల తేలికపాటి కలపకి వ్యాపారులు పెట్టుకున్న పేరు. రెండు గంటల కచేరీలో నాలుగు కిలోల బేస్ మోసే భుజానికి ఆ తేలికదనం విలువ తెలుస్తుంది.

2002లో డెట్రాయిట్ దగ్గర ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు బయటపడింది. ఆసియా నుంచి ప్యాకింగ్ చెక్కల్లో వచ్చిందని అంచనా. పచ్చగా మెరిసే చిన్న పురుగు, అర అంగుళం కూడా ఉండదు. దాని పిల్లపురుగులు బెరడు కింద మెలికలు మెలికలుగా తొలుచుకుంటూ పోయి చెట్టుకి ఆహారం అందే దారినే తెంచేస్తాయి, పెద్దయ్యాక అర్ధచంద్రాకారపు కన్నం చేసుకుని బయటికొస్తాయి. కోట్ల చెట్లు పోయాయి. దీనికి తోడు మిసిసిపీ వరద నెలల తరబడి తీయకపోవడంతో చెట్లు కొట్టేవాళ్లు లోపలికే వెళ్లలేకపోయారు. చివరికి 2020లో ఫెండర్ కంపెనీయే మామూలు మోడళ్లలో యాష్ ఆపేస్తున్నామని, పాతకాలం నాటి కొన్ని మోడళ్లకే ఉంచుతామని ప్రకటించింది.

నా మట్టుకు నేను బాడీకి వాడే చెక్క పలకని తూకం వేసి చూపించమంటాను, బాగా ఆరిందా లేదా అడుగుతాను. తేలికైన ఆల్డర్ దొరికితే అదే తీసుకుని, మిగిలిన డబ్బుతో మంచి పికప్‌లు (తీగల కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చేవి) వేయించుకుంటాను.