విమాన ఇంధనం తిన్న మట్టి

1975లో అమెరికాలోని సౌత్ కరోలినాలో, చార్ల్‌స్టన్ పక్కనున్న హానహాన్‌లో, ఒక సైనిక ఇంధన డిపో నుంచి విమాన ఇంధనం కారిపోయింది. సుమారు 80,000 గ్యాలన్లు, అంటే మన లెక్కలో 3 లక్షల లీటర్లు. వెంటనే శుభ్రం చేశారు గానీ, ఇసుక నేల కదా, కొంత లోపలికి ఇంకిపోయింది. 1985 నాటికి ఆ కాలుష్యం భూగర్భ జలంతోపాటు పాకి పక్కనున్న ఇళ్ల కిందికి చేరింది. ఇళ్ల కింద మట్టిని తవ్విపోయడం అయ్యే పనేనా?

అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు పరీక్షిస్తే, నేలలోని బాక్టీరియా అప్పటికే ఆ ఇంధనాన్ని తింటున్నాయని తేలింది. ఇంధనమంటే కార్బన్, హైడ్రోజన్‌ల గొలుసులు, వలయాలు. బాక్టీరియా గొలుసు కొసకు ఆక్సిజన్ తగిలించి, అక్కడి నుంచి రెండేసి కార్బన్‌ల చొప్పున తెంపుకుంటూ పోతాయి. చివరికి మిగిలేది కార్బన్ డయాక్సైడ్, నీళ్లు. బెంజీన్ లాంటి వలయాలను విప్పడం కాస్త కష్టం.

మరి ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? వరి కొయ్యకాళ్లను పొలంలోనే కలియదున్నే రైతును అడిగితే చెబుతాడు. గడ్డిలో కార్బన్ బోలెడు, నత్రజని తక్కువ. కాస్త యూరియా చల్లకపోతే గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాగేసుకుంటాయి, తర్వాత వేసిన పైరు పాలిపోతుంది. ఇంధనంలోనైతే నత్రజని, భాస్వరం ఇంచుమించు సున్నా. తిండి కుప్పలుగా ఉన్నా బాక్టీరియా పెరగలేవు.

అందుకే 1992లో హానహాన్ నేలలోకి పోషకాలు కలిపిన నీళ్లు ఇంకించారు. ఇంకోవైపు బావులు వేసి చెడిన నీటిని తోడేశారు. 1993 చివరికి ఇళ్ల కింద కాలుష్యం 75 శాతం తగ్గింది.

బయటి నుంచి ఒక్క బాక్టీరియా కూడా తేలేదు. నాకు ఇదే నచ్చింది. చమురు తినే బాక్టీరియా మాట ఎత్తగానే చాలామందికి గుర్తొచ్చేది శాస్త్రవేత్త ఆనందమోహన్ చక్రవర్తి ల్యాబ్‌లో తయారుచేసిన, ముడి చమురును తినే సూడోమోనాస్ అనే బాక్టీరియా. దానికి పేటెంట్ ఇవ్వొచ్చని 1980లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో తీర్పు చెప్పింది. పేటెంట్ల చరిత్రలో పెద్ద మలుపే, కాదనను. కానీ చమురు తెట్టు మీద దాన్ని వాడిందే లేదు.

ఎంత ఎరువు వేసినా బాక్టీరియాకు లొంగనిదీ ఒకటుంది: పాత రకం పెట్రోలులో కలిపిన సీసం. అది మూలకం, తెంపడానికి గొలుసే లేదు. పెట్రోలంతా కరిగిపోయినా సీసం మట్టిలోనే ఉండిపోతుంది.