రాత్రి బువ్వ తెల్లారేసరికి ఏమవుతుంది?

రాత్రి వంటింట్లో లైటు ఆర్పేముందు మా అమ్మ చేసే చివరి పని, అన్నం గిన్నె మూత తీసి చూడటం. మర్నాటి పొద్దుటి సంగతి అక్కడే తేలిపోతుంది. గుప్పెడు మిగిలితే బియ్యపు పిండితో చేసే సర్వపిండిలోకి, గిన్నెడు మిగిలితే పులిహోరకో పోపన్నానికో, ఎండాకాలమైతే నీళ్లూ ఇంత మజ్జిగా పోసి సద్దికి. హన్మకొండలో మా ఇంటి చుట్టుపక్కల ఇప్పటికీ చాలామంది ఇట్లాగే చేస్తారు. ఉన్నదాన్ని పారేయకుండా సంసారం నడిపే ఈ నేర్పుకు మా వైపు ‘ఇగురం’ అనే మంచి మాట ఉంది. అన్నం విషయంలో ఈ ఇగురం ఎంత లోతైనదో, పిండిపదార్థం గురించి చదివాకే నాకు అర్థమైంది. గిన్నెలో ఉన్నది నిన్నటి అన్నమే అయినా, తెల్లారేసరికి దాని లోపలి అల్లిక మారిపోయి ఉంటుంది.

బియ్యపు గింజలో నూటికి 80 పాళ్ల దాకా పిండిపదార్థమే. అందులో రెండు రకాల గొలుసులుంటాయి. అమైలోజు దాదాపు తిన్నగా సాగే పోగు. అమైలోపెక్టిన్ చింతచెట్టులా కొమ్మలు వేసుకున్న గొలుసు. పచ్చి గింజలో ఇవి బిగుసుకుని పడుకుని ఉంటాయి. ఎసరు వేడి 65, 70 డిగ్రీలు దాటుతుంటే నీళ్లు లోపలికి చొరబడి ఈ కట్టలు విడిపోతాయి, మెతుకు ఉబ్బుతుంది. మనం అన్నం ఉడికిందంటామే, అది ఇదే.

పొయ్యి ఆపగానే తిరుగుప్రయాణం మొదలవుతుంది. చల్లబడేకొద్దీ విడిపోయిన పోగులు మళ్లీ ఒకదాని పక్కన ఒకటి చేరి పేనుకుంటాయి, మధ్యలో ఉన్న నీటిని కొంత బయటికి నెట్టేస్తాయి. అమైలోజు ఈ పని కొన్ని గంటల్లో ముగిస్తుంది, కొమ్మల అమైలోపెక్టిన్‌కు రోజులు పడుతుంది. అన్నం ఆరిపోయి గట్టిపడిందని అనుకుంటాం గానీ, మూత బిగించి చుక్క తేమ పోకుండా దాచినా అది గట్టిపడుతుంది. పైగా ఈ పేనుకోవడం ఫ్రిజ్ చల్లదనంలోనే అన్నిటికంటే వేగంగా సాగుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన మెతుకు పలుకుగా విరగడానికి కారణం ఇదే. మళ్లీ వేడి చేస్తే 60 డిగ్రీల దగ్గర అమైలోపెక్టిన్ కట్టు వదులుతుంది కాబట్టి అన్నం మెత్తబడుతుంది. అమైలోజు కట్టు మాత్రం నీళ్లు మరిగే వేడికి కూడా విడిపోదు.

ఏ బియ్యం ఎంత గట్టిపడుతుందన్నది చాలావరకు అమైలోజు శాతం చెబుతుంది. అందుకే కొత్త వరి రకం తెచ్చేటప్పుడు శాస్త్రవేత్తలు దిగుబడితో పాటు ఆ శాతాన్నీ కొలుస్తారు. మన వరంగల్ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన వరంగల్ సాంబ, వరంగల్ సన్నాలు, సిద్ధి లాంటి రకాలు పొలంలోనే కాదు, కంచంలో కూడా పరీక్ష నెగ్గాలి. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణ రేషన్ దుకాణాల్లో దొడ్డు బియ్యం బదులు సన్నబియ్యం ఇస్తున్నారు. బియ్యం మారినప్పుడు మిగిలిన అన్నం తీరు కూడా మారుతుంది. ఒకటి రెండుసార్లు వండి చూసుకుంటే తప్ప చేతికి ఆ లెక్క అందదు.

మళ్లీ పేనుకున్న ఈ పిండిలో కొంత భాగాన్ని మన పేగుల్లోని ఎంజైములు విడదీయలేవు. దాన్ని అరగని పిండి అనవచ్చు. అది చిన్నపేగు దాటి పెద్దపేగుకు చేరి అక్కడి బ్యాక్టీరియాకు మేతవుతుంది. ఆ బ్యాక్టీరియా తయారుచేసే బ్యుటిరేట్ అనే ఆమ్లం పేగు గోడ కణాలకు ఆహారం. ఇండోనేషియాలో చేసి 2015లో ప్రచురించిన ఒక పరిశోధనలో అప్పుడే వండిన అన్నంలో ఈ అరగని పిండి 100 గ్రాములకు 0.64 గ్రాములుంది. ఒక రోజంతా ఫ్రిజ్‌లో ఉంచి వేడిచేసిన అన్నంలో 1.65 గ్రాములకు పెరిగింది. తిన్నవారి రక్తంలో చక్కెర కూడా కొంత తక్కువ పెరిగింది. అయితే ఆ పరీక్షలో పాల్గొన్నది 15 మంది ఆరోగ్యవంతులే. నూటికి ఒక గ్రాము పెరిగిందని చెప్పి షుగర్ ఉన్నవారు సద్దన్నం రెండింతలు తింటే లాభం కాదు, నష్టమే.

సద్దిలో రాత్రికి రాత్రే ఇనుము ఇరవై రెట్లు పెరుగుతుందని ఫోన్లలో తిరిగే సందేశాన్ని కూడా నేను నమ్మను. ఇనుము ఒక మూలకం. ఏ సూక్ష్మజీవీ దాన్ని కొత్తగా పుట్టించలేదు. పులిసినప్పుడు, గింజలో ఇనుమును పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం తగ్గితే, ఉన్న ఇనుము ఒంటికి ఇంకాస్త బాగా పట్టవచ్చు. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో ఉన్నదే కొంచెం. సద్ది మంచిదని చెప్పడానికి అబద్ధం అక్కరలేదు.

ఇప్పుడు అసలు భయపడాల్సిన సంగతికి వస్తాను. ఒక మే నెలలో, రాత్రి ఎనిమిదింటికి వండిన అన్నాన్ని కుక్కర్‌లోనే మూతపెట్టి మర్చిపోయాను. పొద్దున్నే వాసన చూశాను, బాగానే ఉంది. గట్టిగా పోపు వేయించి తిన్నాను. రెండు గంటలు తిరగకముందే వాంతులు. అంత వేడి మీద వేయించాను కదా, ఏ క్రిమి బతుకుతుందని చాలా రోజులు ఆలోచించాను. అనుమానం పోయేది ఒక బ్యాక్టీరియా మీదికే. దాని పేరు బాసిల్లస్ సీరియస్. మట్టిలో ఉంటుంది, అక్కడి నుంచి వడ్లకు అంటుకుని బియ్యంతో ఇంటికి వస్తుంది. కష్టకాలంలో ఇది గట్టి పెంకు కట్టుకుని విత్తనంలా నిద్రపోతుంది. అన్నం ఉడికే వేడి ఆ పెంకును చంపదు, నిద్ర లేపుతుంది. గోరువెచ్చని అన్నంలో అది మొలకెత్తి, పెరుగుతూ సీరియులైడ్ అనే విషాన్ని వదులుతుంది. 121 డిగ్రీల వేడిలో గంటన్నర ఉంచినా ఆ విషం చెడదు. మన బాణలి దాన్ని ఏం చేస్తుంది? దానికి రంగు లేదు, వాసన లేదు. 1971లో బ్రిటన్‌లో ఫ్రైడ్ రైస్ తిన్నవారు వరసగా జబ్బుపడినప్పుడు ఈ గుట్టు బయటపడింది. అక్కడా వండిన అన్నాన్ని బయటే ఉంచి మర్నాడు వేయించారు.

కాబట్టి లెక్కపెట్టాల్సింది వేడిని కాదు, గంటల్ని. సుమారు 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య అన్నం ఎంతసేపు ఉందన్నదే ప్రశ్న. మామూలు రోజుల్లో రెండు గంటలు, గది వేడి 32 డిగ్రీలు దాటితే గంట. వరంగల్ వేసవిలో రాత్రిళ్లు కూడా వంటిల్లు ఆ గీత కిందికి సులువుగా దిగదు. కుక్కర్ నిండా ఉన్న అన్నం ముద్ద నడిమధ్యలో గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. దాన్ని వెడల్పు పళ్లెంలో పలచగా పరిస్తే పావుగంటలో చల్లారుతుంది, అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టాలి.

పులిహోర చేసేవాళ్లకు ఈ పని కొత్త కాదు. సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే మా ఇంట్లో పెద్ద తాంబాళంలో అన్నం ఆరబోస్తారు. మెతుకుకు మెతుకు విడిగా ఉండాలనే అట్లా చేస్తారు, కానీ అదే పని క్రిమికి దొరికే సమయాన్నీ కోసేస్తుంది. ఆపైన చింతపండు గుజ్జు కలుస్తుంది. అందులోని టార్టారిక్ ఆమ్లం అన్నాన్ని పుల్లగా మార్చి బ్యాక్టీరియా పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది. సాయంత్రం దాకా ఆడి, బతుకమ్మను నీళ్లలో వదిలాక పంచుకు తినే సద్దుల్లో పులిహోర అంతసేపు నిలవడానికి ఆ పులుపు చాలా సాయం చేస్తుంది. పెరుగు సద్దిలో అదే పనిని లాక్టిక్ ఆమ్లం చేస్తుంది.

నీళ్లు పోసిన సద్దిలో జరిగేది ఒక పరుగుపందెం. పులుపు పుట్టించే బ్యాక్టీరియా ముందు గుంపుకడితే నీళ్లు ఆమ్లమై మిగతావాటికి చోటు దొరకదు. చెడ్డవి ముందు పెరిగితే ఆ తర్వాత ఎంత పులిసినా, పుట్టిన విషం పోదు. అన్నం చల్లారగానే, ఆలస్యం చేయకుండా చల్లని నీళ్లు పోసి రెండు గరిటెల మజ్జిగ కలపడంలో ఉన్న తెలివి ఇదే. మజ్జిగతో మంచి బ్యాక్టీరియా లక్షల్లో ముందే బరిలోకి దిగుతుంది. తెల్లారి తీగ సాగినా, మురుగు వాసన వచ్చినా పారబోయాల్సిందే. పారబోయడం కూడా ఇగురంలో భాగమేనని అమ్మ అంటుంది: “ఆ పిడికెడు బువ్వకు ఆశపడితె దవాఖానల ఎంత పెట్టాలె బిడ్డా?”

ఇక మిగిలింది గుప్పెడు. దీనికి సర్వపిండిని మించిన దారి లేదు. కొందరు గిన్నప్ప అంటారు, కొందరు తపాల చెక్క అంటారు. బియ్యపు పిండి, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, జీలకర్ర, కారం, ఉల్లికాడలు, కరివేపాకు. అన్నీ డబ్బాల్లో, పెరట్లో ఉండేవే. గోధుమ పిండికి ఉండే జిగురు మాంసకృత్తి, గ్లూటెన్, బియ్యపు పిండికి లేదు. చల్లటి నీళ్లతో కలిపితే ముద్ద పగుళ్లిస్తుంది. ముందే ఉడికి ఉబ్బిన పిండి కొంత కలిస్తే అదే జిగురవుతుంది. వేణ్నీళ్లు పోసేది అందుకే, మెదిపిన అన్నం చేసేదీ అదే పని. ఫ్రిజ్‌లోంచి తీసిన పలుకు అన్నాన్ని అట్లాగే కలపకండి. కట్టు సడలేదాకా ఆవిరి పట్టించి మెదిపితేనే అది పిండిని పట్టుకుంటుంది.

ముద్దను చల్లని గిన్నె లోపల పలచగా వత్తి, వేలితో గుంటలు చేసి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నని మంట మీద ఉంచాలి. పిండిలో తడి ఉన్నంతసేపు దాని వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. గిన్నెకు ఆనుకున్న పొరలో నీరు ఇగిరిపోయాక అక్కడ వేడి 140 డిగ్రీలు దాటుతుంది. అప్పుడే పిండిలోని చక్కెరలూ మాంసకృత్తులూ కలిసి ఎర్రటి రంగునూ ఆ కమ్మటి వాసననూ ఇస్తాయి. పైభాగం మాత్రం మూత కింది ఆవిరికి మెత్తగా ఉడుకుతుంది. తొందరపడి గరిటె పెడితే విరిగిపోతుంది. తడి పూర్తిగా పోయాక అంచు దానంతటదే గిన్నెను వదులుతుంది. రెండో వాయికి ముందు గిన్నెను బోర్లించి అడుగున నీళ్లు పోసి చల్లార్చాలి, లేకుంటే వత్తుతుండగానే పిండి వేడికి పట్టుకుపోయి పలచగా సాగదు. మా ఇంట్లో అందుకే రెండు గిన్నెలు పెట్టుకున్నారు, ఒకటి పొయ్యి మీద, ఒకటి నల్లా కింద.