పాత కారు బాగుచేయిస్తున్నారా? ఆర్సీ విషయంలో ఈ అపోహలు వద్దు

హైదరాబాద్‌లో పాత అంబాసిడరో, ఫియటో కొని బాగుచేయించుకునే కుర్రాళ్లు పెరిగారు. చాలా సంతోషం. మా షెడ్డుకి ఎవరొచ్చినా నేను ముందు ఆర్సీ చూసి, ఆ తర్వాతే బానెట్ ఎత్తుతాను.

అపోహ: బండి నాది, నా ఇష్టమొచ్చినట్టు మార్చుకుంటా.

వాస్తవం: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దీన్ని ఒప్పుకోదు. కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. టాప్ కోసి ఓపెన్ కారు చేయడం కుదరదు. అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

అపోహ: ఇంజిన్ మారిస్తే ఎవరికి తెలుస్తుంది?

వాస్తవం: ఆర్సీ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు ఇన్‌స్పెక్టర్ ఇంజిన్ నంబరూ, ఛాసిస్ (బండి చట్రం) నంబరూ ఆర్సీతో సరిచూస్తే తెలిసిపోతుంది. ఇంజిన్ మార్చక తప్పకపోతే అదే మోడల్‌ది, బిల్లుతో కొనండి. ముందే ఆర్టీఏ (రవాణా కార్యాలయం) అనుమతి తీసుకోండి. అనుమతి లేకుండా మార్చేసి ఉంటే 14 రోజుల్లో తెలియజేసి ఆర్సీలో ఎక్కించుకోవాలి.

ఇంతకంటే నన్ను బాధపెట్టేది ఛాసిస్ నంబర్ పోవడం. తుప్పు తీస్తూ గ్రైండర్ పెట్టేస్తారు, పంచ్ చేసిన అంకెలు అరిగి 8 ఏదో 3 ఏదో తెలియకుండా పోతుంది. మిగిలినవి పుట్టీ కింద పూడిపోతాయి. అందుకే రేకు పని మొదలుపెట్టకముందే నంబర్ మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసుకోండి. ఫొటో తీసి, ఆ చోట టేపు అంటించండి. పెయింటర్‌కి మీరే దగ్గరుండి చూపించండి.

అపోహ: యాభై ఏళ్లు దాటితే చాలు, వింటేజ్ కారే.

వాస్తవం: వయసొక్కటే చాలదు. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉండాలి. వింటేజ్‌గా రిజిస్టర్ చేయించడానికి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. ముందే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. వింటేజ్ బండి ర్యాలీ, ప్రదర్శన, రిపేరు, పెట్రోలు లాంటి పనులకే రోడ్డెక్కాలి. రోజూ నడపాలనుకుంటే మామూలు ఆర్సీయే మేలు.

పదిహేనేళ్లు దాటితే తుక్కుకేనని భయపడేవాళ్లూ ఉన్నారు. ఆ వయసు ఆంక్షలు ఢిల్లీ ప్రాంతానివి. ఇక్కడ ఫిట్‌నెస్ బాగుండి గ్రీన్ ట్యాక్స్ (పాత బండ్ల మీద వేసే పర్యావరణ పన్ను) కడితే ఐదేళ్లకోసారి రెన్యువల్ అవుతుంది. రంగు మార్చినా సరే, ఆర్సీలో ఎక్కించడం మరవకండి.